చిలుక మెడ, జేజమ్మ ఎముక

మా అవ్వ బాలనాగమ్మ కథను ఒక్క రాత్రిలో ఎన్నడూ ముగించలేదు. ఎక్కడ ఆపాలో ఆమెకు బాగా తెలుసు. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు ఏడు సముద్రాలు దాటిపోయి చిలుకను పట్టుకొచ్చి, తల్లిని ఎత్తుకుపోయిన మాయల ఫకీరు ఎదుట నిలబడతాడు చూడండి, సరిగ్గా అక్కడ. పసివాడి గుప్పిట్లో చిలుక, చిలుకలో ఫకీరు ప్రాణం. అవ్వ ఆవులించి, "ఇగ పండుకోండ్రి, మిగిలింది రేపు" అనేది. వనపర్తిలో మా ఇంటి మిద్దె మీద వరుసగా పడుకున్న నలుగురు పిల్లలం ఆ రాత్రంతా పిడికిళ్లు బిగించుకునే నిద్రపోయేవాళ్లం. వేళ్లు సడలితే చిలుక ఎగిరిపోతుందని భయం.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "వాడు పానం తీస్కపోయి చిలుకల ఎందుకు పెట్టిండవ్వా? తన తాననే ఉంచుకుంటె కాకపోవునా?" అవ్వ నోట్లో ఆకూవక్కా ఉంది. అది ఈ దవడ నుంచి ఆ దవడకు మారాక చెప్పింది: "భయమున్నోడే పానం దాసుకుంటడు బిడ్డా."

ఆ మాట నాతోనే ఉండిపోయింది. దానికి జవాబు లాంటి సినిమా ఒకటి వస్తుందనీ, అదీ మా పక్క ఊరి కథగా వస్తుందనీ అప్పుడు ఎవరు అనుకుంటారు?

2009 జనవరి 16న 'అరుంధతి' విడుదలైంది. దర్శకుడు కోడి రామకృష్ణ, నిర్మాత శ్యామ్‌ప్రసాద్ రెడ్డి. కథ జరిగేది గద్వాల సంస్థానంలో. వనపర్తి నుంచి పెబ్బేరు మీదుగా వెళ్లి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో మళ్లితే వచ్చే గద్వాల. సంతకు, పెళ్లికి, చీర కొనడానికి పోయొచ్చే గద్వాల. తెర మీద ఆ పేరు వినబడగానే హాలంతా ఒక్కసారి కదిలింది. మాకు తెలిసిన సినిమాల్లో రాజ్యాలు ఎక్కడో ఉండేవి. ఉజ్జయిని, విదర్భ, లేదంటే పటంలో దొరకని పేరేదో. మా బస్సు వెళ్లే ఊళ్లో మాంత్రికుడు ఉండటం అదే మొదటిసారి.

అరుంధతిని తీసినవాళ్లు ఇది బాలనాగమ్మ కథేనని ఎక్కడా చెప్పుకోలేదు. నాకు మాత్రం మొదటి ఆట నుంచీ అదే వినిపించింది. ఒక మాంత్రికుడు ఒక రాచబిడ్డను కోరతాడు. ఆమెకు సైన్యం సాయపడదు, మగవాళ్ల కత్తులు సాయపడవు. ఆమె మిష పెట్టి కాలం గడుపుతుంది. ప్రాణం ఉండాల్సిన చోట కాకుండా వేరే చోట ఉంటుంది. రావలసినవాళ్లు తర్వాతి తరంలో వస్తారు. బాలనాగమ్మ వ్రతం మిష పెట్టి, కొడుకు పెద్దవాడయ్యేదాకా ఫకీరును గడప అవతలే ఆపింది. అరుంధతిలో రాచబిడ్డ జేజమ్మ నాట్యం మిష పెట్టి మాంత్రికుడు పశుపతిని తన ఎదుట కూర్చోబెట్టింది. వ్రతం నాట్యమైంది. కథ ఎముకలు అవే.

ఎముకలు అన్నాను. ఈ సినిమా గురించి మాట్లాడాలంటే ఆ మాట దగ్గరికే రావాలి.

పశుపతిని చంపితే వాడు ప్రేతమై మరింత బలపడతాడు. అందుకే బతికుండగానే సమాధి చేస్తారు. అయినా వాడి పీడ పోదు. ఊరికి కరువు వస్తుంది. జేజమ్మ అఘోరాల దగ్గరికి వెళ్తుంది. వాణ్ని అంతం చేసే ఆయుధం లోకంలో లేదనీ, ఆమె ఎముకలతోనే దాన్ని చేయాలనీ తెలుస్తుంది. అందుకు ఆమె చావాలి. మామూలు చావు కూడా కాదు. ఆమె కూర్చుంటుంది. తల మీద కొబ్బరికాయలు పగలడం మొదలవుతుంది.

ఆ ఘట్టం చూసిన ప్రతిసారీ నేను కళ్ల కంటే ముందు చెవులు మూసుకోవాలనుకుంటాను. కొబ్బరికాయ పగిలే చప్పుడు తెలియని తెలుగువాడు లేడు. పొద్దున గుడి మెట్ల మీద, కొత్త లారీ చక్రం ముందు, పెళ్లివారి బస్సు కదిలేముందు విన్న చప్పుడు అది. మనకు అది మంగళం. ఇక చింత లేదు, పని మొదలుపెట్టు అని చెప్పే చప్పుడు. కోడి రామకృష్ణ ఆ మంగళధ్వనిని తీసుకెళ్లి ఒక ఆడమనిషి నెత్తి మీద పెట్టాడు. ఒక కాయ, తర్వాత ఇంకో కాయ. చెవి శుభం అంటుంది, కన్ను కాదంటుంది. ఈ రెండింటి మధ్య నలిగిపోతాం. రాయలసీమలో, కర్ణాటకలో, తమిళనాట కురుబల జాతరల్లో భక్తుల తల మీద కొబ్బరికాయ కొట్టే ఆచారం ఉంది. చూసినవాళ్లకు ఈ ఘట్టం వింత కాదు, తెలిసిన నొప్పే. దర్శకుడు భయం పుట్టించడానికి ఏ విదేశీ దయ్యాల కొంపలోకీ పోలేదు. మన పూజగదిలో ఉన్న కాయనే చేతిలోకి తీసుకున్నాడు.

ఇంత హింస కళ్లముందు జరుగుతుంటే మనసులో పుట్టేది జుగుప్స కాదు. నాట్యశాస్త్రంలో భరతుడు వీరం నుంచి అద్భుతం పుడుతుందనీ, బీభత్సం నుంచి భయానకం పుడుతుందనీ చెప్పాడు. ఈ సినిమాలో పశుపతి దారి అంతా రెండోది. వాడు కనబడినంతసేపూ బీభత్సం భయాన్ని కంటూ ఉంటుంది. కొబ్బరికాయల ఘట్టంలో అదే నెత్తురు, అదే చావు, కానీ రసం దారి మళ్లుతుంది. ఆమె ముఖం చూడండి. జేజమ్మగా వేసిన అనుష్క అక్కడ ఏడవదు, శపించదు, దేవతలాగా నవ్వదు. పని చేసుకుంటున్న మనిషి ముఖం అది. పొలంలో నడుము విరిగేలా నాట్లు వేస్తూ, వరుస అయిపోయేదాకా తల ఎత్తని ఆడవాళ్ల ముఖం మీద చూశాను ఆ ఏకాగ్రతను. అందుకే మనకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. భయంతో లేచే రోమాలు వేరు. ఆశ్చర్యంతో లేచే రోమాలు వేరు.

మా అవ్వ మాటకు జవాబు ఇక్కడ దొరికింది. ఫకీరు తన ప్రాణాన్ని ఒంట్లోంచి తీసి చిలుకలో దాచుకున్నాడు, చావకుండా ఉండటానికి. జేజమ్మ తన ప్రాణాన్ని ఒంట్లోంచి తీసి ఎముకలో పెట్టింది, ఇంకొకరు బతకడానికి. రెండూ ఒకే పని, ప్రాణాన్ని బయట పెట్టడం. వాడిది దాపు, ఆమెది దానం. జానపద కథల్లో ఎంతో పాతదైన ఒక ఊహను ఇలా లోపలి నుంచి తిరగేసిన సినిమా మన భాషలో ఇంకొకటి నాకు తెలియదు.

ఆ ఊహ మనది మాత్రమే కాదు. రష్యా జానపద కథల్లో కొషేయ్ అని చావులేని మాంత్రికుడు ఉంటాడు. వాడి చావు సూది మొనలో ఉంటుంది. సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో. అవ్వకు చెప్పి ఉంటే, "మన ఫకీరుకు తోడబుట్టినోడే" అని ఉండేది. 2014లో డిస్నీ వాళ్లు నిద్రపోయే రాకుమారి కథను మంత్రగత్తె వైపు నుంచి 'మలెఫిసెంట్' అని తీశారు. అందులో ఆమె రెక్కలను నమ్మినవాడే నిద్రలో కోసుకుపోయి, కోటలో గాజుపెట్టెలో బంధిస్తాడు. అక్కడ బలం బయటికి వెళ్లింది దొంగతనం వల్ల. ఆ రెక్కలు చివరికి తిరిగి ఆమె భుజాలకు అతుక్కున్నప్పుడు నాకూ కళ్లు తడిశాయి. కానీ ఆమె పోగొట్టుకున్నదే తిరిగి పొందింది. జేజమ్మ పోగొట్టుకోలేదు, ఇచ్చింది. తిరిగి పొందింది కూడా ఆ జన్మలో కాదు. ఈ తేడా చిన్నది కాదు.

దధీచి గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు? ఆ ముని వెన్నెముకతో వజ్రాయుధం చేసి ఇంద్రుడు వృత్రుణ్ని చంపాడు. పురాణం అక్కడ ముని త్యాగాన్ని పొగిడి, ఆయుధాన్ని దేవతల రాజు చేతిలో పెట్టి ముందుకు సాగిపోతుంది. అరుంధతిలో ఎముక ఇచ్చినది ఆమే, మునిమనవరాలు అరుంధతిగా మళ్లీ పుట్టి ఆయుధం పట్టుకోవలసినదీ ఆమే. మధ్యలో ఏ ఇంద్రుడూ లేడు. మునిమనవరాలి అరచేతిలో ముత్తవ్వ ఎముక. ఇదంతా ఒక్క మాట సంభాషణ లేకుండా, చేతిలో ఒక వస్తువుగా కనబడుతుంది. సినిమా అనే కళ ఎందుకు పుట్టిందో అలాంటి చోట అర్థమవుతుంది.

ఇక బాలనాగమ్మ సంగతి. అవ్వకు ఆ కథ బుడిగ జంగాల నోటి నుంచి వచ్చింది. నడుమ కథకుడి భుజాన తంబుర, వేళ్లకు అందెలు, అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకుని వంత పాడేవాళ్లు. సురభి నాటక సమాజాల వాళ్లు ఈ కథనే పొగలతో, తీగలతో, మంటలతో రంగస్థలం మీద అద్భుతంగా ఆడారు. సినిమాకు ఇది కొత్తేమీ కాదు. 1942లో జెమినీ సంస్థ తీసిన 'బాలనాగమ్మ'కు చిత్తజల్లు పుల్లయ్య దర్శకుడు. కాంచనమాల బాలనాగమ్మ, బందా కనకలింగేశ్వరరావు ఆమె భర్త కార్యవర్ధిరాజు, పుష్పవల్లి ఫకీరు ప్రియురాలు సంగు. ఫకీరుకే ఇంకో పేరైన మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు. తర్వాత 1955 నాటి 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లుగా కనిపించిన మనిషే. పిసినారి ముసలివాడిలోనూ, లోకాన్ని రాళ్లుగా మార్చే మాంత్రికుడిలోనూ ఒకే నటుడు ఇమిడాడంటే ఇద్దరిలోనూ ఆయనకు ఒకే గుణం కనిపించిందని నా ఊహ. తనది కానిదాన్ని పట్టుకుని వదలలేకపోవడం. 1959లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో మళ్లీ తీశారు. ఎన్.టి.రామారావు, అంజలీదేవి, మరాఠీగా ఎస్.వి.రంగారావు. 1951 నాటి 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడై ఊరూరా పిల్లలను భయపెట్టిన ఆయనే ఎనిమిదేళ్లకు మరాఠీ అయ్యాడు. ఆ కాలపు మాంత్రికులకు ఒక హుందాతనం ఉండేది. గడ్డం నిమురుకునే తీరులో, కనుబొమ్మ ఎత్తే తీరులో. భయపడుతూనే వాళ్లను ఇష్టపడేవాళ్లం.

పశుపతిని ఎవరూ ఇష్టపడలేరు. ఆ తేడాలో అరుంధతి గొప్ప సాహసం ఉంది. పాత కథలో మాంత్రికుడు బయటి నుంచి వస్తాడు. ఫకీరు అనండి, మరాఠీ అనండి. ఊరి పొలిమేర దాటి, భిక్షకుడి వేషంలో గుమ్మం ముందుకు వస్తాడు. కథ చెప్పేవాళ్లు తమ భయానికి పరాయి మతం వేషమో, పరాయి దేశం పేరో తొడిగారు. అరుంధతిలో పశుపతి ఇంటి అల్లుడు. జేజమ్మ అక్క మొగుడు, రాజుకు మేనల్లుడు. పొలిమేర దాటి రానక్కర్లేదు, భోజనాల గదిలో పీట మీద కూర్చుని ఉంటాడు. నాట్యం నేర్పే అంధురాలైన గురువును చెరిచి చంపేది వాడే. కట్టుకున్న భార్య ఉరేసుకునేది వాడి వల్లే. ఇది కథలకు కొత్త, ఇళ్లకు కొత్త కాదు.

మరి ఫకీరు ఎక్కడికి పోయాడు? అతనూ ఉన్నాడు. సాయాజీ షిండే వేసిన అన్వర్ పాత్ర అది. దయ్యాలను వదిలించే ఫకీరు. మొదట అరుంధతిని నమ్మించలేకపోతాడు, తర్వాత ఆమె కోసం ప్రాణానికి తెగించి ఎముక ఆయుధాన్ని వెతుకుతాడు. పాత కథలో దొంగగా ఉన్న ఫకీరు ఇక్కడ తోడుగా వచ్చాడు. పాలమూరు ప్రాంతంలో పుట్టినవాడికి ఇది ఎంత సహజమో చెప్పలేను. పిల్లాడికి దడుపు జ్వరం వస్తే మా అవ్వే చంకనేసుకుని దర్గాకు తీసుకుపోయేది, నెమలీకల కట్టతో తల మీద తట్టించేది. ఇంటికొచ్చి సాయంత్రం మాయల ఫకీరు కథ చెప్పేది. ఆ ఇద్దరు ఫకీర్ల మధ్య ఆమెకు ఏ తగాదా కనబడలేదు. సినిమా ఆ మంచి ఫకీరుకు కథలో చోటు ఇచ్చింది. అతను మెడలో పూసలతో, ఒంటి మీద నల్లబట్టలతో పరుగెత్తుతుంటే మా హాల్లో చప్పట్లు కొట్టిన చేతుల్లో మా ఊరి అన్ని వీధులవీ ఉన్నాయి.

జేజమ్మ అన్న పేరు చూడండి. తుంగభద్రకు అటు రాయలసీమలో, ఇటు గద్వాల వైపు నాయనమ్మను జేజి అంటారు, జేజమ్మ అంటారు. పసిపిల్లకు దేవుణ్ని చూపించి "జేజె" పెట్టమంటాం. అవ్వా దేవతా ఒకే పిలుపులో ఉన్న మాట అది. సినిమాలో ఇంటి పెద్దలు, తాతవరస వాళ్లు, ఈనాటి అరుంధతిని జేజమ్మా అని పిలుస్తారు. ముసలివాడు మనవరాలిని అవ్వా అని పిలవడం! కైకాల సత్యనారాయణ ఆ పిలుపులో పెట్టిన గౌరవం, ముద్దు, కాస్త బెరుకు కలిసిన గొంతు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మన ఇళ్లలో చనిపోయిన నాయనమ్మ పేరు పెట్టుకున్న పిల్లను ఎవరూ పేరు పెట్టి తిట్టరు, అమ్మా అనే పిలుస్తారు. పునర్జన్మ అనే పెద్ద తాత్విక విషయాన్ని సినిమా ఆ చిన్న ఇంటి అలవాటులోంచి నమ్మించింది. అందుకే అది కల్పనలా అనిపించదు.

గొంతు అన్నాను కాబట్టి ఇంకొకటి చెప్పాలి. పశుపతిగా కనబడేది సోనూ సూద్. వినబడేది రవిశంకర్. నటుడు సాయికుమార్ తమ్ముడు. జేజమ్మ పశుపతి నాలుక కోస్తుంది, మంత్రం పలకకూడదని. అదే పశుపతి ప్రేతమై తిరిగి వచ్చాక వాడి ఆయుధమంతా గొంతే. బొమ్మాళీ అని వాడు పిలిచే ఆ పిలుపు, మధ్యలో సాగి, చివర గరగరలాడుతూ గోడల్లోకి ఇంకిపోతుంది. ఆ ఒక్క పిలుపుతో ఆయన బొమ్మాళి రవిశంకర్ అయిపోయాడు. ఒంట్లో ఒకరు, గొంతులో ఒకరు. తెలుగు సినిమా అరువు గొంతులకు మనం ఎంతగా అలవాటు పడ్డామంటే అందులో వింత కనబడదు. ఈ సినిమాలో మాత్రం అది కథతో కలిసిపోయింది. ప్రాణం ఒకచోట, దేహం ఒకచోట ఉన్న మాంత్రికుడికి అంతకంటే సరైన నిర్మాణం ఏముంటుంది? ఆ గొంతు వాడి చిలుక.

నాట్యఘట్టం గురించి చాలామంది రాశారు, చాలామంది వేదికల మీద ఆడారు. కోటి బాణీ, సెంథిల్ కుమార్ కెమెరా, డోళ్ల మోత, కత్తులు. నాకు అందులో నచ్చేది జేజమ్మ చూపు. వాడిని మురిపించే చూపులోనే దూరం కొలిచే చూపు కూడా ఉంటుంది. అడుగు పడినప్పుడల్లా కత్తి ఎంత దూరంలో ఉందో, పైన వేలాడే దీపాల గుత్తి ఎక్కడ పడుతుందో లెక్క చూసుకుంటుంది. శృంగారం పైన పరుచుకుని ఉంటే కింద వీరం లెక్కలు వేస్తుంది. ఫ్రాన్సులో జాన్ కాక్తో 1946లో తీసిన సుందరి, మృగం కథలో గోడల్లోంచి మనుషుల చేతులు వచ్చి దీపాలు పట్టుకుంటాయి. వస్తువులకు ప్రాణం ఉన్నట్టు, కోట మొత్తం ఆ పిల్లను చూస్తున్నట్టు ఉంటుంది. అరుంధతిలో పై నుంచి దిగే ఆ దీపాల గుత్తికి నాకు అలాంటి ప్రాణమే కనిపించింది. కోటే ఆమె పక్షం చేరిందా అనిపిస్తుంది.

కోట అంటే, అసలు గద్వాల కోట ఇది కాదు. సినిమాలో చూసిన భవనం బనగానపల్లె నవాబు బంగళా, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. జనం దాన్ని అరుంధతి కోట అనే పిలుస్తారు. మా గద్వాల కోట మట్టికోట, సోమనాద్రి అని జనం చెప్పుకునే పెద సోమభూపాలుడు కట్టించాడు. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, డిగ్రీ కాలేజీ ఉంది. మా వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పెట్టినట్టే. గద్వాల కోటలోని ఆ డిగ్రీ కాలేజీకి మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు. 1924లో భర్త సీతారామ భూపాలుడు పోయాక సంస్థానం బరువు ఆమె మీద పడింది. పండితులను, కవులను ఆదరించి, విద్వద్గద్వాల అన్న పేరు నిలిపింది. సినిమాలో జేజమ్మకూ ఈమెకూ చుట్టరికం ఏమీ లేదు. కానీ ఆ ఊరి పేరు వినగానే ఒక ఆడమనిషి సింహాసనం మీద కూర్చోవడం మాకు కష్టంగా అనిపించదు. కల్పనకు నేల సిద్ధంగా ఉంది.

ఇంకాస్త కిందికి వెళ్తే అలంపురం. జోగులాంబ కొలువున్న చోటు. ఆ తల్లి జుట్టులో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం. చిన్నప్పుడు మొదటిసారి దర్శనానికి వెళ్లినప్పుడు అమ్మ కొంగు పట్టుకుని సగం కన్నే తెరిచాను. పూజారి హారతి ఎత్తగానే ఆ జుట్టు మీద వెలుగు పడింది. భయపెట్టే ముఖమే కాపాడే ముఖమని మాకు ఎవరూ పాఠం చెప్పలేదు, హారతి వెలుగులో చూశాం. కోడి రామకృష్ణ 1995లో ఇదే నిర్మాతకు 'అమ్మోరు' తీశాడు. అందులో ఉగ్రదేవత పైనుంచి దిగివచ్చి ఆడదాన్ని కాపాడుతుంది. పద్నాలుగేళ్ల తర్వాత అరుంధతిలో పైనుంచి ఎవరూ దిగిరారు. ఆ ఉగ్రత మనిషిలోనే ఉంది, ఎముకలో ఉంది. దర్శకుడు ఈ మధ్యలో నడిచిన దూరం నాకు ఎంతో విలువైనది. 2019లో ఆయన పోయిన రోజున నేను ఈ రెండు సినిమాలూ వరుసగా చూశాను.

లోపాలు లేవా? ఉన్నాయి. ఈ కాలం కథలో ప్రేమ పలచన, కాబోయే మొగుడి పాత్రకు చేయడానికి ఏమీ లేదు. పశుపతి ఆడవాళ్లను హింసించే దృశ్యాల మీద కెమెరా అవసరానికి మించి ఆగుతుంది. వాడి చూపునే మన చూపు చేస్తుంది. అక్కడ నాకు కోపం వస్తుంది, ఇన్నిసార్లు చూసినా వస్తుంది. ఇంత ఉన్న సినిమాకు ఆ చౌకబారు భయం అవసరం లేదు.

అయినా మిగతా అద్భుత చిత్రాల పక్కన పెట్టి చూస్తే దీని బలం తెలుస్తుంది. 2011లో డిస్నీ తెలుగులో మొదటిసారి అడుగుపెట్టి 'అనగనగా ఓ ధీరుడు' తీసింది. మంచు లక్ష్మి ఐరేంద్రిగా పాములాంటి జడతో నిజంగా మెరిసింది. ఖర్చు పెట్టారు, కష్టపడ్డారు. కానీ ఆ లోకానికి ఏ బస్సూ పోదు. ఆ మంత్రగత్తె ఏ నీళ్లు తాగి పెరిగిందో తెలియదు. అద్భుతం గాలిలో నిలబడదు. దానికి కొబ్బరికాయ కావాలి, జేజి అన్న పిలుపు కావాలి.

గద్వాల చీర నేత దగ్గరగా చూశారా? ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు వేరు వేరు దారాలు, వేరు వేరు స్వభావాలు. నూలు చెమటను పీల్చుకుంటుంది, పట్టు వెలుగును విసురుతుంది. ఆ రెండూ కలిసే చోట నేతగాడు పోగును పోగుకు మెలివేసి నేస్తాడు. అతుకు మీద బొటనవేలు పెట్టి రాస్తే సన్నని గరుకు తగులుతుంది, కన్నుకు కనబడదు. మా పిన్ని ఎప్పుడూ దుకాణంలో అక్కడే వేలు పెట్టి చూసేది. ధర కూడా తర్వాతే అడిగేది. అరుంధతిని చూసినప్పుడల్లా నాకు ఆ వేలు గుర్తుకొస్తుంది. జంగాల కథ నూలు, సినిమా మాయ పట్టు. కొబ్బరికాయ ఘట్టం ఆ అతుకు.

చివర్లో ఎముక ఆయుధం దొరుకుతుంది. కానీ అది ఒంటరిగా పనిచేయదు. అరుంధతి నెత్తురులో తడిస్తేనే దానికి శక్తి. చనిపోయినామె ఎముక, బతికున్నామె నెత్తురు. ఒక జన్మలో ఇచ్చినది సరిపోలేదు, ఈ జన్మలోనూ కొంత ఇవ్వాలి. మొదటిసారి చూసినప్పుడు, ఆ రెండూ కలిసిన క్షణంలో, హాల్లో నా ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ చేతులెత్తి దండం పెట్టింది. పక్కన మనవరాలు అవ్వ ముఖం చూస్తోంది, తెర చూడటం లేదు.

ఆయుధం దిగింది. లైట్లు వెలిగాయి. జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. నా ఎడమ చేయి కుర్చీ చేతి మీద ఉంది, పిడికిలి బిగించి. వేళ్లు ఒక్కొక్కటిగా విప్పాను.